మీకు తెలుసా? రెండాకులతో వెయ్యేళ్లు

నమీబ్ ఎడారిలో వెల్విషియా అనే మొక్కకు బతికినన్నాళ్లూ రెండే ఆకులు. మొలకెత్తినప్పటి బీజదళాలను లెక్కలోకి తీసుకోకండి. ఆ బతుకూ చిన్నదేం కాదు, వెయ్యేళ్లు దాటినవి ఉన్నాయి! ఆకులు రాలవు. మొదలు దగ్గర పెరుగుతూనే ఉంటాయి, కొసలేమో ఎండకూ ఇసుకగాలికీ చీలి పేలికలవుతాయి. దూరం నుంచి చూస్తే ఎవరో పారేసిన పాత తాటాకుల కుప్పే. అందం సంగతి అడక్కండి. పూలు పూయదు, పైన్ చెట్టులా శంకువులు కాస్తుంది. ఆడ, మగ మొక్కలు వేరు.

1859లో అంగోలాలో దీన్ని చూసిన ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ వెల్విచ్ పేరే దీనికి పెట్టారు. ఆఫ్రికాన్స్ భాషలోని పేరుకు మాత్రం ‘చావలేని రెండాకులది’ అని అర్థం. నమీబియా రాజచిహ్నంలోనూ ఇది ఉంది.