మగవారి వాచీపట్టీ

మన యిండ్లలో మగవారు చేతిగడియారము కొనుటకు నాలుగంగళ్లు తిరుగుదురు. యంత్రమెక్కడ చేసినది, అద్దముపై గీతలు పడునా, నీళ్లలో తడిసిన నాగిపోవునా యని పదిమందిని అడుగుదురు. దాని పట్టీ తెగిననాడు మాత్రము “ఏదో యొక బెల్టు తెప్పించు”మని మనతో చెప్పి బయలుదేరుదురు. ఇట్లు ఆ చిన్నవస్తువును ఎంచుపని తఱచుగా గృహిణులపాలగుచున్నది. మనమును బజారునకు పోయినప్పుడు, చీరల బేరము ముగిసినపిమ్మట, నిగనిగలాడు రంగును చూచి చేతికందిన దానిని తీసికొని వచ్చుచున్నాము. మేమును అట్లే చేసితిమి. దాని ఫలితమును ముందు చెప్పి, తర్వాత తక్కిన మాటలు చెప్పెదము.

2016వ సంవత్సరము ఆగస్టు 12వ తేది మొదలు 23వ తేది వఱకు కృష్ణాపుష్కరములు జరిగినవి. మాది తాడేపల్లి, సీతానగరపు రేవు మాకు దగ్గఱ. అప్పటికి మా మామగారికి డెబ్బదినాలుగేండ్లు. ఆయనచేతి హెచ్.ఎం.టి. గడియారము యౌవనమున, తొలిసారి పత్తి అమ్మిన సొమ్ముతో కొన్నది. ప్రొద్దుట కాఫీకి ముందు దానికి కీ ఇచ్చుట ఆయనకు నిత్యవిధి. జపానుదేశపు సిటిజెన్ కంపెనీ తోడ్పాటుతో 1961లో బెంగుళూరిలో మొదలైన ఆ కర్మాగారము ఎందఱు పెండ్లికొడుకుల చేతులకు గడియారములు కట్టెనో చెప్పనలవికాదు. ఆ 2016 జనవరిలోనే కేంద్రప్రభుత్వము ఆ గడియారముల సంస్థను మూసివేయుటకు నిశ్చయించినది. కావున, పోయిన క్రొత్తది తెచ్చుకొందమను ఆశకు చోటులేదు.

ఆ యేటి సంక్రాంతికి మేమే దాని పట్టీ మార్చియుంటిమి. ఒక అంగడిలో నూటయిరువది రూపాయలకు ఒకటి చొప్పున, మామగారి కొకటి, మావారి కొకటి, రెండు కొంటిమి. పుష్కరమునాడు రేవుమెట్ల పాచిమీద మనుమని కాలు జాఱగా మామగారు చటుక్కున వంగి వానిచేయి పట్టుకొనిరి. బిడ్డ దక్కెను. గడియారము పట్టీతోసహా మణికట్టునుండి జాఱి నీళ్లలో పడెను. ఈతగాండ్రు వెదకిరి, దొరకలేదు. మామగారు మమ్ము ఒక్కమాటయైన అనలేదు. గంట యెంతయైనదో చూడబోయి, వట్టి మణికట్టును చూచి, చేయి దించుకొనుట మాత్రము నెలలతరబడి మాకంట పడుచుండెను.

పుష్కరములు ముగిసినపిమ్మట మావారి గడియారమును తీసికొని బెజవాడలో గడియారములు బాగుచేయు ఒక వృద్ధునివద్దకు పోతిమి. ఆయన పట్టీతోలును కన్నెత్తి చూడనైన చూడలేదు. సన్నని పట్టకారుతో పట్టీచివరనున్న ఇనుపపుల్లను కదల్చెను. అది రెండు ముక్కలై బల్లమీద పడినది. లోపల అంతయు త్రుప్పు. “అమ్మా, మీరు బెల్టు చూచి కొన్నారు, పిన్ను చూడలేదు” అనెను. ఎనిమిదినెలల చెమటయే ఆ పుల్లను తినివేసినది. మామగారి గడియారమునకు జరిగినదియు అదియే యని మాకప్పుడు తెలిసినది.

ఆ పిన్ను సంగతి కొంచెము వివరింతుము. గడియారపు డబ్బాకు పైని రెండు, క్రింద రెండు కొమ్ములుండును. ఆ కొమ్ములనడుమ పట్టీచివరను నిలుపునది సన్నని గొట్టమువంటి పుల్ల. దానిలో చిన్నస్ప్రింగు ఉండుటచే రెండు కొనలును బయటికి నెట్టుకొని కొమ్ముల లోపలి గుంటలలో నిలుచును. మామూలుగా దాని లావు ఒకటిన్నర మిల్లీమీటరు. గడియారము వేయి రూపాయలదైనను లక్షరూపాయలదైనను ఇట్టి రెండు పుల్లలపైననే చేతిని అంటిపెట్టుకొని యున్నది. ఒకటి విఱిగిన చాలును. కావున క్రొత్తపట్టీ కొనునప్పుడెల్ల త్రుప్పుపట్టని ఉక్కుతో చేసిన క్రొత్తపిన్నులు అడిగి తీసికొనవలెను. పట్టీ బాగున్నను ఏడాదికొకసారి వానిని మార్పించుట మేలు. వాని వెల కరివేపాకు వెలయంత. అంగడివాడు తొడిగినవెంటనే పట్టీని అటునిటు గట్టిగా లాగి చూడుడు. పిన్ను సరిగా గుంటలో కూర్చుండనిచో అక్కడనే ఊడివచ్చును. వాడు విసుగుకొన్నను విసుగుకొననిండు.

తరువాత వెడల్పు. కొమ్ముల నడిమి దూరము మగవారి గడియారములలో సాధారణముగా 18, 20, లేక 22 మిల్లీమీటర్లుండును. పాతవానిలో 17, 19 కూడ కనబడును. ఒక మిల్లీమీటరు తక్కువ పట్టీ వేసినచో అది పిన్నుమీద అటునిటు జరుగుచు దానిని అరగదీయును. ఎక్కువది వేసినచో అంచులు నలిగి కుట్లు తెగును. కుట్టుపెట్టెలోని టేపు ఈ పనికి చాలదు. పిల్లల స్కేలుతో కొలువుడు, లేదా గడియారమునే వెంట తీసికొనిపొండు. పొడవు సంగతి మనయెండలలో మఱచిపోరాదు. వేడికి మణికట్టు సాయంకాలమునకు కొంత ఉబ్బును. ప్రొద్దున చేతికి సరిపోయిన పట్టీ మూడుగంటలకు బిగియును. కావున సాయంకాలమున కొలిచి, నడిమి రంధ్రమున బకిలు పెట్టినప్పుడు చిటికెనవ్రేలు దూరునంత వదులుండునట్లు చూచుకొనవలెను.

ఇక తోలు. పురుషుల చేతికి తోలుపట్టీ తెచ్చు హుందాతనము మఱేదియు తేదు. దీనిని మేమును ఒప్పుకొందుము. తోలువిద్యలో మనవారికి చెప్పుకొనదగిన పేరు గలదు. తెనాలిప్రాంతపు యలవఱ్ఱు గ్రామమున 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు మదరాసులోని కేంద్ర చర్మపరిశోధనసంస్థకు అధిపతియై దానికి ప్రపంచఖ్యాతి తెచ్చిరి. 1985లో అట్లాంటికు సముద్రముపై కనిష్క విమానము కూలిన దుర్ఘటనలో గతించిరి. పూర్వము మనదేశమున తోళ్లను తంగేడుచెక్కతోను కరక్కాయతోను పదునుచేయుచుండిరి. ఇట్టి తోలు అందమైనది, కాలముతోపాటు రంగు దేరును. కాని తడిసి ఎండినకొలది బిఱుసెక్కును. క్రోమియము లవణములతో పదునుచేయు పద్ధతిని ఇరువదవ శతాబ్ది తొలిసంవత్సరములలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను ఇంజనీరు మదరాసులో పరీక్షింప మొదలిడెను. ఆ తోలు మెత్తగానుండును, నీటికి తొందరగా చెడదు. చెమటచేతులకు ఇదియే తగినది. దీనివలన దద్దురులు వచ్చు శరీరతత్త్వముగలవారును కొందఱున్నారు; వారికి తంగేడుతోలే మంచిది.

కాని బజారులో “అసలుతోలు” అని ముద్రవేసినదెల్ల ఒక్కతీరుది కాదు. పైపొరను తీసివేయగా మిగిలిన అడుగుపొరకు ప్లాస్టికు పూతపూసి, దానిపై పొలుసులు అచ్చొత్తి అమ్ముచుందురు. మేము సంక్రాంతికి కొన్నది అట్టిదే. దానిని గుర్తించుటకు అంచు చూడవలెను, ముఖము కాదు. అంచున పూరీపొరలవలె రంగు వేఱు, లోపల వేఱుగా కనబడినచో వదలివేయుడు. పట్టీని మడిచి చూచినప్పుడు మడతమీద సన్నని చీలికలు తెల్లగా కనబడినను అంతే. చర్మమునకు తగులు అడుగుభాగము కూడ తోలుదై యుండవలెను. బకిలు పెట్టు రంధ్రముల అంచులు ఇప్పుడే సాగియున్నవా యనియు చూడుడు. పట్టీ సాధారణముగా అక్కడనే మొదట తెగును.

మంచితోలైనను తాడేపల్లి ఎండలో, కృష్ణగాలి చెమ్మలో, దినదినము పెట్టుకొన్నచో ఏడాదికి మించి నిలుచుట మేము చూడలేదు. రోహిణీకార్తెలో రోళ్లే పగులుననగా తోలనగా నెంత! చెమటలోని ఉప్పు తోలులో దిగి దానిని గట్టిపఱచును, దుర్వాసన పుట్టించును. బారేజిమీదుగా బెజవాడ కచేరీకి పోయి చల్లని గదిలో కూర్చుండువారికి తోలు చాలును. ఇంటికి రాగానే గడియారము విప్పి, పొడిగుడ్డతో లోపలివైపు తుడిచి, నీడలో గాలికి పెట్టవలెను. రెండు పట్టీలుంచి దినము మార్చి దినము వాడిన రెండును చాలకాలము వచ్చును. మా అత్తగారు తోలు మెత్తబడవలెనని కొబ్బరినూనె రాచెడివారు. నూనె మితిమీఱిన తోలు వదులై సాగును. తెల్లచొక్కా ముంజేతికి మరక దిగును, దానిని ఉదుకుట మన చేతులకే.

పొలమున, మిల్లున, యార్డులో పనిచేయువారికి తోలు కట్టుట తగదు. మా మఱది గుంటూరు మిర్చియార్డులో పద్దులు వ్రాయును. మాఘఫాల్గుణములలో అక్కడి గాలియే ఘాటు. ఆ దుమ్ము పట్టీ కుట్లలోను, తోలు రంధ్రములలోను చేరి, చెమటతో కలసి, పట్టీక్రింది చర్మమును మండించెడిది. మిరపకాయలోని మంటపదార్థము వట్టినీటిలో కరగదు. నూనెలో కరగును, సబ్బుతో వదలును. కావున అట్టివారి పట్టీని సబ్బునీట కడుగుటకు వీలుండవలెను. కుట్లులేని నున్నని రబ్బరుపట్టీ మఱదికి బాగుగా కుదిరినది. దినమునకొకసారి సబ్బుతో తోమి కడిగినచో చాలును. కడుగువారు ఆ చేతులతో కన్నులు తాకరాదని వేఱుగా చెప్పనక్కఱలేదనుకొందుము, ఆవకాయ పెట్టిన చేతులకు ఈ సంగతి తెలియనిది కాదు.

రబ్బరులోను భేదములున్నవి. తక్కువవెల ప్లాస్టికుపట్టీలు రెండుమూడేండ్లలో చెమ్మకు జిగటవాఱి, తరువాత పెళుసై విఱుగును. ఇప్పటి స్మార్టువాచీలకు వచ్చు సిలికోను పట్టీ మెత్తనిది, కాని పత్తినూగును అయస్కాంతమువలె లాగుకొనును; జిన్నింగుమిల్లు పనివారు దానిని పెట్టుకొని వచ్చిన పిల్లిపిల్లవలె నుండును. ఫ్లోరినుతో చేసిన రబ్బరు అన్నిటికంటె గట్టిది, వెలయు హెచ్చు.

చైను కట్టువారు రేకు మడిచి చేసినది కాక నిండుముక్కల చైనును అడుగవలెను. మడతరేకు చైను వదులై చేతి వెండ్రుకలు పీకును. 316ఎల్ అను ఉక్కులో క్రోమియముతోపాటు మాలిబ్డినము కూడ కలియుటచే చెమట ఉప్పు దానిని తొందరగా తినదు. దానిలో నికెలును ఉండును. చౌకచైనులకు నికెలు పూతయే పూయుదురు. పూత అరిగినచోట కొందఱికి దురదయు పుండ్లును వచ్చును. మన ఆడువారిలో చౌకచెవికమ్మలకు చెవులు పుండ్లుపడు వారికి తెలిసిన బాధయే యిది. అట్టి మగవారికి టైటేనియము మంచిది, బరువు ఉక్కులో ఇంచుమించు సగము.

ఇప్పుడు నైలానుపట్టీ. ఇది మాకు నచ్చినది. మొదట చేతిగడియారము ఆడువారి నగయే యని మగవారికి జ్ఞప్తిచేయుడు: 1868లో స్విట్జర్లాండు నందలి పతెక్ ఫిలిప్ వారు ఒక హంగేరీ ప్రభ్వికి చేతిగడియారము చేసిరి. పురుషులు అప్పటికి జేబుగడియారములే వాడుచు దీనిని చూచి నవ్విరి. 1914–18 యుద్ధమున కందకములలో తుపాకి పట్టిన చేయి జేబులోనికి పోలేక, వారును గడియారమును మణికట్టునకు కట్టుకొనిరి. అటుపిమ్మట 1973లో బ్రిటిషు రక్షణశాఖ తమ సైనికులకై ఒక నైలానుపట్టీ నమూనా నిర్ణయించినది. అది రెండు ముక్కలు కాదు, ఒక్కటే పొడవైన పట్టీ. పైపిన్నుక్రిందను, గడియారపు వీపుక్రిందను, మరల క్రిందిపిన్నుక్రిందను దూరిపోవును. ఒక పిన్ను విఱిగినను రెండవదానిపై గడియారము వ్రేలాడుచు చేతిమీదనే యుండును. సీతానగరపు రేవున ఆ యొక్క గుణమే మాకు కావలసియుండెను.

దాని లోపమును దాచము. తడిసిన ఆరుటకు గంటసేపు పట్టును. చెమట పీల్చి వాసన వేయును. వారమున కొకసారి విప్పి సబ్బునీట నానవేసి పిండి ఆరవేసిన పోవును. అంచులు కాల్చి అతికినవి కొనుడు, లేకున్న దారములు లేచును. గడియారము వీపుక్రింద పట్టీ పోవుటచే అది చేతిమీద కొంచెము ఎత్తుగా కూర్చుండును.

మఱుసటి సంవత్సరము మావారు ఒక పాత హెచ్.ఎం.టి. గడియారమును వెదకి తెచ్చిరి. పోయినది కాదు గాని ఆ రూపముదే. దానికి ఉక్కుపిన్నులు వేయించి, బూడిదరంగు నైలానుపట్టీ మేమే తొడిగితిమి. మామగారు దానిని వ్రేళ్లతో తడవి చూచి, “ఇది బెల్టా, మంచపు నవారా అమ్మా?” అని నవ్విరి. ఆదివారమున ఆ నవారును ఉదికి దండెముమీద ఆరవేసినప్పుడు, అది ఆఱువఱకు ఆయన గడియారమును పంచెకొంగున ముడివేసికొని వరండాలో కూర్చుందురు.