లాగే పటం, వదిలే పటం

బర్గూరు బజారులో బట్ట తెలిసినవాళ్లు ధర కన్నా ముందు అంచు పట్టుకుంటారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకసారి నలిపి, వెలుతురుకు ఎత్తి చూసి, ఆ తర్వాతే బేరంలోకి దిగుతారు. సముద్రం మీద మనిషిని ఈడ్చుకుపోయే గాలిపటం చరిత్రలో సగం బట్ట చరిత్రే కాబట్టి, అలల చప్పుడు వినబడని ఈ బట్టల ఊళ్లో దాని మాట ఎత్తడం వింతేమీ కాదు. పైగా రామేశ్వరం వెళ్లొచ్చిన కుర్రాళ్లు అక్కడ నీళ్ల మీద దూసుకుపోతున్న మనుషుల్ని ఫోనులో చూపించి, ‘ఇది మనమూ కొనుక్కోవచ్చా?’ అని అడుగుతున్నారు. కొనుక్కోవచ్చు. ఏది కొనాలో తెలియాలంటే మాత్రం ఆ పటం ఎలా పుట్టి ఎలా పెరిగిందో కొంత తెలియాలి.

ఆట పేరు కైట్‌సర్ఫింగ్. కాళ్లకింద ఒక పలక, నడుముకు కొక్కెం ఉన్న పట్టీ, చేతిలో బార్ అనే అడ్డకర్ర, దాన్నుంచి ఇరవై మీటర్లకు పైగా సాగే నాలుగైదు తాళ్లు, వాటి చివర నెలవంకలా వంగిన పెద్ద పటం. ఇంజనూ లేదు, పెట్రోలూ లేదు.

పటం చేత బండి లాగించాలన్న ఆలోచన పాతదే. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జార్జ్ పోకాక్ అనే బడిపంతులు గాలిపటాలు లాగే బండికి 1826లో పేటెంటు తీసుకున్నాడు. అప్పట్లో రోడ్డు సుంకం గుర్రాల లెక్కన వసూలు చేసేవారు. ఈ బండికి గుర్రమే లేదు కనక సుంకం అడగడానికి వీల్లేకపోయిందని చెబుతారు. కృష్ణగిరి టోల్‌గేటు దగ్గర ఆ వాదన నడవదనుకోండి! 1903లో శామ్యూల్ కోడీ అనే సాహసి పటం కట్టిన చిన్న పడవలో ఇంగ్లిష్ ఛానల్ దాటేశాడు. అయినా నీళ్ల మీద ఈ విద్య అక్కడితో ఆగిపోయింది. నేలమీద పడ్డ పటాన్ని పరుగెత్తి వెళ్లి లేపొచ్చు. నడిసముద్రంలో పడ్డ పటం తడిసిన గుడ్డ. దాన్ని మళ్లీ ఎగరేసేదెవరు?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది ఫ్రాన్సులోని బ్రిటనీ తీరానికి చెందిన బ్రూనో, డొమినిక్ లెగెన్యూ అనే అన్నదమ్ములు. పటం ముందంచు పొడవునా గాలి నింపిన లావుపాటి గొట్టం, దానికి అడ్డంగా మరికొన్ని సన్న గొట్టాలు: వాళ్ల ఊహ ఇంతే. గొట్టాల వల్ల పటం ఆకాశంలో ఆకారం చెడకుండా నిలుస్తుంది, నీళ్లలో పడితే మునగకుండా తేలుతుంది, ఒక పక్క తాడు లాగితే గాలిని పట్టుకుని మళ్లీ లేస్తుంది. 1984 నవంబరులో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. మరుసటేడు బ్రెస్ట్ నగరంలో జరిగిన పడవల వేగం పోటీల్లో తమ పటాన్ని ఎగరేసి చూపించారు. అప్పుడు విండ్‌సర్ఫింగ్ వ్యాపారం మంచి ఊపుమీద ఉంది. తెరచాపలు అమ్ముకుంటున్న కంపెనీలకు ఈ గాలి గొట్టాల పటం ఎందుకు? ఎవరూ ముందుకు రాలేదు.

అన్నదమ్ములు పదేళ్లకు పైగా ఆ పటాన్నే పట్టుకు వేళ్లాడారు. ఈలోగా అమెరికాలో బోయింగ్ ఇంజనీరు బిల్ రోస్లర్, ఆయన కొడుకు కోరీ మరో దారి తొక్కారు. చట్రం ఉన్న పటాన్ని తాళ్లు చుట్టే రీలు బిగించిన బార్‌తో నడుపుతూ, నీటి స్కీల మీద నిలబడి కొలంబియా నదిలో పరుగులు తీశారు. 1996లో హవాయిలోని మావీ తీరాన లేర్డ్ హామిల్టన్, మాన్యూ బెర్తాన్ ఈ కొత్త ఆట ఆడి చూపించాక లోకం కళ్లు తెరిచింది. 1997లో లెగెన్యూ సోదరులు సొంతంగా వీపికా పేరుతో పటాలు అమ్మకానికి పెట్టారు. చివరికి పెద్ద కంపెనీలే వాళ్ల దగ్గరికి వచ్చి లైసెన్సులు అడిగాయి.

పటం లేచింది, మనిషిని లాగింది. అసలు తలనొప్పి అక్కడే మొదలైంది. గాలి వేగం రెట్టింపయితే పటం లాగే బలం నాలుగు రెట్లవుతుంది. 12 నాట్ల గాలి 18 నాట్లకు చేరిందంటే వినడానికి సగమే పెరిగినట్టుంటుంది, బలం మాత్రం రెండుంపావు రెట్లు. (ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు.) ఇది చాలదన్నట్టు పటం కదిలినకొద్దీ తన గాలిని తానే పుట్టించుకుంటుంది. గాలికి వీపుపెట్టి నిలబడితే నెత్తిమీదా, రెండు పక్కల అంచుల్లోనూ పటం సాధువే. ఎదురుగా కిందికి దూకించారా, నిశ్చలంగా ఉన్నప్పటికి ఎన్నో రెట్ల బలంతో గుంజుతుంది. మొదటి తరం పటాలకు రెండే తాళ్లు. తిప్పడం వీలయ్యేది కానీ బలం తగ్గించడం వీలయ్యేది కాదు. తర్వాత నాలుగు తాళ్లు వచ్చినా, సి అక్షరంలా బాగా వంగిన ఆ పటాల్లో బలాన్ని కొంతవరకే తగ్గించగలిగేవారు. ఉన్నట్టుండి ఈదురుగాలి కొడితే మనిషి గాల్లోకి లేచి ఒడ్డునున్న రాళ్లకో గోడలకో కొట్టుకున్న సందర్భాలున్నాయి. ప్రాణాలూ పోయాయి.

మలుపు 2005 ప్రాంతంలో వచ్చింది. తెచ్చినవాడు మళ్లీ బ్రూనో లెగెన్యూయే. పటం వంపు తగ్గించి చదును చేశాడు, వెనకంచును లోపలికి కోశాడు, ముందంచుకు చాలాచోట్ల చిన్న తాళ్లు కట్టి వాటన్నిటినీ ఒకచోట కలిపాడు. తూర్పారబట్టేటప్పుడు చేట ముఖం గాలికి పెడితే చెయ్యి లాగేస్తుంది, అంచు తిప్పితే ఏమీ లేనట్టు గాలి జారిపోతుంది. బౌ కైట్ అనే ఈ కొత్త పటం ఆ పనే ఆకాశంలో చేస్తుంది. బార్ ఒంటివైపు లాక్కుంటే వెనక తాళ్లు బిగిసి లాగుడు పెరుగుతుంది. దూరంగా తోస్తే వెనకంచు లేచి బలం దాదాపు పూర్తిగా చచ్చిపోతుంది. నా లెక్కలో ఈ యంత్రం జీవితంలో అసలు పుట్టినరోజు ఇదే. 1984లో లాగడం నేర్చిన పటం వదలడం నేర్వడానికి ఇరవయ్యేళ్లు పట్టింది.

తర్వాతి పెరుగుదలంతా ఆ వదలడం మీద కట్టిన మేడే. పటాన్ని ఒక్క తోపుతో నడుము కొక్కెం నుంచి విడిపించే సాధనానికి 2020లో అంతర్జాతీయ ప్రమాణమే వచ్చింది, ఐఎస్ఓ 21853. వేగం సంగతి చెప్పాలంటే, ఫ్రాన్సుకు చెందిన అలెక్స్ కైజెర్గ్ 2017లో 57.97 నాట్లు, అంటే గంటకు 107 కిలోమీటర్లు అందుకున్నాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ ఆటకు తొలిసారి పతకాలిచ్చారు. పోటీలు మార్సెయ్ తీరంలో జరిగాయి. అక్కడ వాడినవి గొట్టాలు లేని, రెండు పొరల బట్ట మధ్య గాలి నిండే పటాలు. కొత్తవాళ్లు వాటి జోలికి పోకూడదు. నీళ్లలో పడితే వాటిని లేపడం కష్టం.

ఇక కొనే సంగతి. కొట్లోవాడు ఎంత ఎత్తు ఎగరొచ్చో చెబుతాడు. మీరు అడగాల్సింది పూర్తిగా వదిలేస్తే ఎంత తొందరగా చల్లబడుతుందని, నీళ్లలో పడితే ఎంత సులువుగా లేస్తుందని. సైజుకు ఒక మోటు లెక్క ఉంది: ఒంటి బరువును గాలి నాట్లతో భాగించి 2.2తో గుణిస్తే చదరపు మీటర్లు వస్తాయి. 70 కిలోల మనిషికి 15 నాట్ల గాలిలో పది చదరపు మీటర్ల పైచిలుకు. నేర్చుకునే రోజుల్లో ఒక సైజు తగ్గినా నష్టం లేదు. ఆ తక్కువను పలక పూరిస్తుంది. 140 సెంటీమీటర్ల పొడవూ 42 వెడల్పూ ఉన్న పెద్ద పలక చిన్న గాలికే నీటిమీద తేలుతుంది. చేయి తిరిగాక పలక చిన్నదవుతుంది, రెండో పటం వస్తుంది. పన్నెండు, తొమ్మిది చదరపు మీటర్ల జోడీ చాలామందికి చాలు. నడుముకు మొదట్లో తొడల మధ్యనుంచి కట్టే సీటు పట్టీయే మేలు. నడుము పట్టీ కొత్తవాళ్ల పక్కటెముకల మీదికి ఎగబాకుతుంది. హెల్మెట్, తేలే జాకెట్ గురించి బేరమాడొద్దు.

కొత్త పటం, బార్ కలిపితే లక్ష రూపాయలు దాటుతుంది. అందుకే చాలామంది పాతది వెతుకుతారు. 2005కు ముందు నాటి సి పటం ఎంత చవగ్గా వచ్చినా తీసుకోవద్దు. తర్వాతి కాలానిదయితే బట్ట చూసే బర్గూరు పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. ఇది రిప్‌స్టాప్ నేత, రెండో ప్రపంచయుద్ధం నాటి పారాచూట్ల నుంచి వచ్చింది. నిలువునా అడ్డంగా కొన్ని మిల్లీమీటర్లకొక మందపు దారం వేసి గళ్లు కడతారు, చిరుగు గడి దాటి పాకదు. చదరపు మీటరు బరువు దాదాపు 50 గ్రాములే. మంచి బట్ట నలిపితే కాగితంలా గరగరలాడుతుంది. ఎండకు పూత పోయినది మెత్తబడి పాత పంచెలా జారుతుంది. అలాంటిది రంగు ఎంత బాగున్నా పక్కన పెట్టండి. వెలుతురుకు ఎత్తి సూదిబెజ్జాలు చూడండి. గొట్టాలకు గాలి కొట్టి కొన్ని గంటలు వదిలేయండి. సాయంత్రానికి మెత్తబడితే లోపలి తిత్తి కారుతున్నట్టే. తాళ్లన్నీ ఒకే మేకుకు తగిలించి బార్ లాగితే అది అడ్డంగా సమంగా నిలవాలి. ఒక పక్కకు వాలితే ఏదో తాడు సాగింది. విడిపించే సాధనంలో ఇసుక చేరి బిగుసుకుందేమో, బరువు వేలాడదీసి తోసి చూడండి. అది ఒక్కసారి మొరాయించినా ఆ బేరం వద్దు.

మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. మిద్దెల మీద గాలిపటం ఎగరేసినవాడి చెయ్యి అలవాటుగా దారాన్ని వేళ్లకు చుట్టుకుంటుంది. ఇక్కడ ఆ పని చేస్తే వేలు తెగుతుంది. ఒక్కో తాడు రెండు వందల కిలోలకు పైగా మోస్తుంది.

ఆడి మాసపు గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని మన తమిళ పొరుగువాళ్ల సామెత. ఆ గాలి చూసి కృష్ణగిరి డ్యామ్‌లో పటం ఎగరేద్దామన్న సరదా పుడితే మానుకోండి. గుట్టలను ఒరుసుకుని వచ్చే గాలి ఒక క్షణం చచ్చి, మరుక్షణం కొడుతుంది. సముద్రం మీదినుంచి నిలకడగా వచ్చే గాలి వేరు. ఊళ్లోనే చేయి అలవాటు చేసుకోవాలంటే కరెంటు తీగలు లేని ఖాళీ మైదానంలో రెండు చదరపు మీటర్ల శిక్షణ పటం చాలు. ఆ తర్వాత రామేశ్వరం. వేసవి నెలల్లో నైరుతి గాలి, చలికాలంలో ఈశాన్యం గాలి అందే తీరాలు అక్కడ రెండు వైపులా ఉన్నాయి. నేర్పే బళ్లున్నాయి, సామాను వాళ్లే ఇస్తారు. చేతిలో ఉన్న డబ్బు ముందు ఆ పాఠాలకు ఖర్చు పెట్టండి. పటం ఎప్పుడైనా కొనొచ్చు.