అల్యూమినియం తొట్టెల్లో ఫ్లోరైడ్‌ విషం
శుద్ధి చేస్తే ఆ వ్యర్థమే ఇంధనం

అల్యూమినియం పరిశ్రమ పేరు చెప్పగానే బాక్సైట్‌ గనులు, ఎర్ర బురద చెరువులు చర్చకు వస్తాయి. లోహాన్ని తీసే తొట్టెల అడుగున పేరుకునే విషం ప్రస్తావన మాత్రం అరుదు.

ఒడిశాలోని అంగుల్‌, ఝార్సుగూడ, ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా, ఉత్తరప్రదేశ్‌లోని రేణుకూట్‌ కర్మాగారాలలో అల్యూమినాను క్రయోలైట్‌ అనే ఫ్లోరైడ్‌ లవణంలో కరిగించి, సుమారు 950 డిగ్రీల సెల్సియస్‌ వేడి వద్ద విద్యుత్తును పంపి లోహాన్ని రాబడతారు. తొట్టెల లోపల కర్బనపు దిమ్మెలు, అగ్నినిరోధక ఇటుకలు అమరుస్తారు. కొన్నేళ్లు పనిచేసేసరికి వాటిలోకి ఫ్లోరైడ్‌, సోడియం ఇంకిపోతాయి. గాలిలోని నత్రజని కారణంగా సైనైడ్‌ కూడా ఏర్పడుతుంది. చివరకు వాటిని పగులగొట్టి తొలగించవలసిందే. టన్ను అల్యూమినియానికి దాదాపు 20 కిలోల చొప్పున ఈ వ్యర్థం వస్తుంది. ఏటా సుమారు 40 లక్షల టన్నుల లోహం తయారయ్యే మన దేశంలో ఇది 80 వేల టన్నులకు చేరుతుంది.

ఈ కుప్పలు వానకు తడిస్తే ఫ్లోరైడ్‌ కరిగి భూగర్భజలంలో కలిసే ప్రమాదం ఉంది. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే పళ్లకు, ఎముకలకు ఎంత చేటో నల్గొండ ప్రజలకు వేరే చెప్పనక్కరలేదు.

శుద్ధి విధానం తెలిసినదే. వ్యర్థాన్ని పొడిచేసి కడుగుతారు. సైనైడ్‌ను హైపోక్లోరైట్‌తో నిర్వీర్యం చేస్తారు. నీటిలోకి వచ్చిన ఫ్లోరైడ్‌కు సున్నం కలిపితే కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగున పేరుకుంటుంది. మిగిలిన కర్బనం సిమెంటు బట్టీలలో బొగ్గుకు బదులు మండుతుంది. సుమారు 1,450 డిగ్రీల వేడికి మిగిలిన సైనైడ్‌ నశిస్తుంది. పరిమితంగా ఉండే ఫ్లోరైడ్‌ క్లింకర్‌ తయారీకి తోడ్పడుతుంది కూడా.

చిక్కంతా కడిగిన నీటితోనే. కాల్షియం ఫ్లోరైడ్‌ సైతం స్వల్పంగా కరిగే పదార్థం. అందువల్ల సున్నంతో శుద్ధి చేసిన తర్వాత కూడా లీటరుకు 8 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్‌ మిగలవచ్చు. నదులు, కాలువల్లోకి వదిలే పారిశ్రామిక జలాలకు పరిమితి 2 మిల్లీగ్రాములు. కనుక పటికతో మరో దశ శుద్ధి అవసరమవుతుంది. తాగునీటి కోసం నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ రూపొందించిన నల్గొండ విధానానికి ఆధారం పటిక, సున్నమే.

ఈ రెండో దశకు అయ్యే ఖర్చును మిగుల్చుకుంటే, తొట్టెలోని విషం ఏటిపాలవుతుంది. ఆదా అయిన బొగ్గుతోపాటు, బయటకు వదిలిన నీటిలో మిగిలిన ఫ్లోరైడ్‌ లెక్కను కూడా కర్మాగారాలు చుట్టుపక్కల గ్రామాలకు చెప్పాలి. పునర్వినియోగం వల్ల ఎవరికి మేలు జరిగిందో అప్పుడే తేలుతుంది.