వెండిపై ఎవరి పేరు?

ఇంగ్లండులో పాత వస్తువుల వేలంపాటలలో అప్పుడప్పుడు కొన్ని వెండి గిన్నెలు, పళ్ళేలు, చెంచాలు కనిపిస్తుంటాయి. వాటి మీద ‘డి.ఎస్.సి.జి.’ అనే నాలుగు అక్షరాలుంటాయి. ‘డచెస్ ఆఫ్ సదర్లాండ్స్ క్రిపుల్స్ గిల్డ్’ అనే ధార్మిక సంఘానికి అవి పొడి అక్షరాలు. ఆ సంఘంలో పని నేర్చినవారు వికలాంగ బాలబాలికలు.

ఉత్తర స్టాఫర్డ్‌షైర్ ప్రాంతం పింగాణీ పరిశ్రమకు పేరు పొందినది. ఆ కాలపు పారిశ్రామిక పట్టణాలలో పొగ, ఇరుకు ఇళ్ళు, చాలీచాలని తిండి సర్వసామాన్యం. ఎముకల క్షయ, రికెట్స్ వంటి వ్యాధులు ఎందరో పిల్లల కాళ్ళను, వెన్నును వంచివేసేవి. సదర్లాండ్ డ్యూక్ సతీమణి మిలిసెంట్ (1867-1955) ఆ పట్టణాలకు చేరువలోని ట్రెంథామ్ భవనంలో ఉండేవారు. పింగాణీ పూతలోని సీసం కార్మికులకు విషమవుతున్నదని ఆమె గట్టిగా వాదించారు. 1900 ప్రాంతంలో ఆమె పోషణలోనే ఈ సంఘం రూపుదిద్దుకున్నది. 1904లో ‘వేఫేరర్స్ లవ్’ అనే కవితా సంకలనాన్ని కూడా ఆమె సంఘ సహాయార్థం వెలువరించారు.

ఈ సంఘం పిల్లలకు పని నేర్పింది. వెండి పని కూర్చుని చేయదగినది. రేకును సుత్తితో కొట్టేకొద్దీ అది బిరుసెక్కుతుంది. దానిని కాల్చి, మెత్తబరచి, మళ్ళీ కొట్టాలి. ఒక్క గిన్నెకు ఎన్నోసార్లు ఇలా చేయవలసి వస్తుంది. నడవలేని బాలుడికైనా చేతిలో పట్టు, మనసులో ఓర్పు ఉంటే ఆ విద్య అబ్బుతుంది. జాలితో ఇచ్చిన రొట్టె ఒక పూటకు సరిపోతుంది. చేతికి వచ్చిన పని జీవితాంతం తోడుంటుంది.

అయితే ఆ వస్తువులు మరో సంగతిని కూడా చెబుతాయి. ఇంగ్లండు వెండిపై నడుస్తున్న సింహం ముద్ర ఉంటే అందులో 92.5 శాతం వెండి ఉన్నట్లు. లంగరు ముద్ర ఉంటే దానిని బర్మింగ్‌హామ్‌లో పరీక్షించినట్లు. ఇక ఆ నాలుగు అక్షరాలలో దాత బిరుదు ఉన్నది, ‘కుంటివారు’ అనే మాట కూడా ఉన్నది. సుత్తి పట్టిన బిడ్డ పేరు మాత్రం లేదు.

వెండి పాత్రలలో తినటాన్ని, త్రాగటాన్ని దైవప్రవక్త (స) నిషేధించారని మనకు తెలుసు. కనుక ఆ గిన్నెలు మన దస్తర్‌ఖాన్ మీదికి రానక్కరలేదు. వాటి నుండి గ్రహించవలసినవి రెండున్నాయి. మన జకాత్, సదఖాలలో కొంత భాగమైనా ఒక వికలాంగ బిడ్డకు కుట్టుపనో, కంప్యూటరో, మరో విద్యో నేర్పటానికి ఉపయోగపడాలి. అలా సాయం చేసినప్పుడు మన పేరు మరుగున ఉండాలి. ఆ బిడ్డను లోపంతో కాక, సొంత పేరుతో నలుగురూ పిలవాలి.