పప్పు అడిగితే కుక్కపిల్లనిచ్చారు

జూన్‌లో డబ్లిన్‌లో సూర్యుడు అస్తమించేది రాత్రి పది కావస్తుండగా. ఆ తర్వాత కూడా ఆకాశంలో వెలుగు ఓ పట్టాన పోదు. తెల్లారి ఐదు కొట్టకముందే మళ్లీ హాజరు. సెలవులకు వచ్చినవాళ్లు చూసి ముచ్చటపడతారు, ఫొటోలు తీసుకుంటారు. రెండున్నరేళ్ల పిల్లాడున్న ఇంట్లో మాత్రం ఇది శాంతిభద్రతల సమస్య.

‘‘రాత్రయింది, బజ్జో నాన్నా’’ అంటే మావాడు నా వేలు పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళతాడు. ‘‘సూరీడు బజ్జోలేదు’’ అంటాడు. కేసులో పస ఉంది. ఎదురు చెప్పడానికి నా దగ్గర సాక్ష్యం లేదు. కిటికీలకు నల్ల కర్టెన్లు కట్టాం, ఆ సందుల్లోంచి వచ్చే వెలుగుకు వంటింట్లోని అల్యూమినియం ఫాయిల్ అంటించాం. పక్కింటి పెద్దావిడ రెండు రోజులు చూసి మూడో రోజు ఉండబట్టలేక, లోపల ఫొటోలు కడుగుతున్నారా అని అడిగింది.

చలికాలంలో కథ తిరగబడుతుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగుంబావుకే పొద్దు వాలిపోతుంది. చందమామను చూపించి బువ్వ పెట్టడం మన ఇళ్లల్లో తరతరాల పద్ధతి కదా. ఇక్కడ డిసెంబరులో చందమామ టీ వేళకే వచ్చి కూర్చుంటాడు, జూన్‌లో మనం బతిమాలినా అన్నం వేళకు రాడు. చందమామకు కూడా షిఫ్టు డ్యూటీలు వేసిన దేశం ఇది.

మేముండేది బ్లాంచర్డ్స్‌టౌన్‌లో. డబ్లిన్ 15 అంటే మనవాళ్లకు విడిగా పరిచయం అక్కర్లేదు. షాపింగ్ సెంటర్‌లో ఓ ఆదివారం తిరిగితే చెవిన తెలుగు పడకుండా బయటికి రావడం కష్టమే. నేనూ, మా ఆవిడా ఇద్దరం ఉద్యోగాల్లో ఉన్నాం. మావాడు క్రెష్‌లో ఉంటాడు. క్రెష్ ఫీజు గురించి రాయడం మొదలుపెడితే ఈ పేజీ చాలదు. ప్రభుత్వం గంటకు 2.14 యూరోల సబ్సిడీ ఇస్తోంది, ఆ తర్వాత కూడా నెలాఖరులో బ్యాంకు ఖాతా చూసుకోవాలంటే కాస్త గుండె చిక్కబట్టుకోవాలి. సరే, ఆ గోల అందరికీ ఉన్నదే.

ఇక్కడ బయటికి బయల్దేరడం అంటే ఓ తతంగం. లోపల బనీను, పైన చొక్కా, ఆపైన స్వెట్టరు, దానిమీద నీళ్లు దిగని ఒక్క ముక్క సూటు, టోపీ, కాళ్లకు రబ్బరు బూట్లు. అంతరిక్షంలోకి పంపే మనిషిని కూడా ఇంత శ్రద్ధగా తయారు చేస్తారో లేదో. చివరి జిప్పు గడ్డం దాకా లాగి, హమ్మయ్య అనుకున్న సెకనులో వాడు ప్రశాంతంగా మొహం పెట్టి ‘‘కక్క’’ అంటాడు. ఒక్కసారి కూడా మొదటి జిప్పు దగ్గర అనలేదు. నేను రెండు చలికాలాలు గమనించాను.

ఇంత చేసి మిలీనియం పార్కుకు తీసుకెళితే జారుడుబల్లలు, ఊయలలు వాడికి కనపడవు. నీటిగుంట కావాలి. అందులో దూకాలి. వీడియో కాల్‌లో చూసిన మా అమ్మ గుండెలు బాదుకుంటుంది. ‘‘ఒరేయ్, పసివాణ్ని ఆ బురదలో వదిలేశావేంట్రా, జలుబు చెయ్యదూ!’’ అంటుంది. ఇక్కడ వాన తగ్గాక పిల్లల్ని బయటికి తీసుకెళదామనుకుంటే వాళ్లకు కాలేజీ వయసొస్తుందమ్మా అని చెబితే ఆవిడ నమ్మదు.

వాడికి పార్కు కన్నా ఇష్టం 39ఏ బస్సు. పైఅంతస్తులో ముందు సీటు దొరికితే ఆ రోజు ఇంట్లో శాంతి. ఐర్లండ్‌లో బస్సు దిగేవాళ్లు డ్రైవర్‌కు థ్యాంక్స్ చెప్పి దిగుతారు, మీరూ గమనించే ఉంటారు. ముసలీ ముతకా, కుర్రకారూ అందరూ చెబుతారు. మావాడూ నేర్చుకున్నాడు. కానీ అమ్మమ్మ నేర్పిన మర్యాద కలిపి ‘‘థాంక్యూ మావయ్యా’’ అంటాడు. ఓ డ్రైవరు అది విని నవ్వి ‘‘గుడ్ మ్యాన్ యువర్‌సెల్ఫ్’’ అన్నాడు. తన కొత్త చుట్టరికం ఆయనకు తెలియదు.

చుట్టరికాల దగ్గర ఇంకో చిక్కుంది. తెల్లజుట్టు కనపడితే చాలు మావాడు ‘‘తాతా!’’ అని కేకేస్తాడు. లైబ్రరీలో, దుకాణంలో, కూల్‌మైన్ స్టేషను ప్లాట్‌ఫారం మీద, ఎక్కడైనా సరే. ఇక్కడివాళ్లకు అది ‘టాటా’ అని వినపడుతుంది. పాపం, పెద్దాయన ఆగి, నవ్వి, చెయ్యూపి వెళ్లిపోతాడు. వీడేమో దగ్గరికి రమ్మని పిలిచినవాడల్లా వెళ్లిపోతున్నాడని ఏడుపు. బ్లాంచర్డ్స్‌టౌన్ లైబ్రరీలో ఒక ఉదయం ముగ్గురు తాతలు వరసగా ఇలాగే వెళ్లిపోయారు.

క్రెష్‌లో ఇంతకన్నా పెద్ద ఉపద్రవం జరిగింది. చేరిన కొత్తలో మధ్యాహ్నం ఆకలేసి ‘‘పప్పు... పప్పు...’’ అని ఒకటే ఏడుపట. టీచరు మంచిదే. పిల్లాడు కుక్కపిల్లను అడుగుతున్నాడనుకుని బొమ్మల పెట్టె వెతికి, గోధుమరంగు కుక్కపిల్లను తెచ్చి చేతిలో పెట్టిందట. వాడు దాన్ని చూసి ఇంకా గట్టిగా ఏడ్చాడట. ఆమె ఇంకో కుక్కపిల్లను తెచ్చిందట. సాయంత్రం మేం వెళ్లేసరికి ఒళ్లో రెండు కుక్కలు, కడుపులో ఏమీ లేని పిల్లాడు. మర్నాడు మా ఆవిడ ఒక కాగితం మీద పప్పు, బువ్వ, నీళ్లు, పాలు, అమ్మమ్మ అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, ఎదురుగా అర్థాలు రాసి ఇచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ అక్కడ గోడకు ఉంది.

అటునుంచి ఇటు కూడా తిప్పలే. ఒకరోజు టీచరు, వాడివాళ కొంచెం ‘బోల్డ్’గా ఉన్నాడని చెప్పింది. మా ఆవిడ పొంగిపోయి తెనాలికి ఫోను చేసి, మనవడు మహా ధైర్యవంతుడని టీచరే చెప్పిందని అత్తయ్యగారికి చెప్పేసింది. అక్కడ వీధి వీధంతా తెలిసింది. ఐర్లండ్‌లో బోల్డ్ అంటే అల్లరివాడు, మాట వినడం లేదు అని అర్థం. ఆ రోజు వీడు చేసిన ధైర్యసాహసం ఏమిటంటే ఇంకో పిల్లాడి చెవి కొరకడం.

ఇలా నవ్వుకుంటూ చెబుతున్నాను గానీ, కిందటి నవంబరులో మాకు నవ్వు రాలేదు.

ఇక్కడ పిల్లలకు 21 నుంచి 24 నెలల మధ్య పబ్లిక్ హెల్త్ నర్సు ఎదుగుదల పరీక్ష చేస్తుంది. చెక్క దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పెట్టమంటారు, బంతి తన్నమంటారు, బొమ్మలు చూపించి పేర్లు అడుగుతారు. మావాడు దిమ్మెలు పేర్చలేదు, రెండు జేబులో వేసుకున్నాడు. బాతు బొమ్మ చూపిస్తే ‘‘బాతు’’ అన్నాడు. ఆమె ‘బాత్’ అని విని, స్నానాలతొట్టిలో ఆడుకునే బాతు గుర్తొచ్చిందన్నమాట, తెలివైనవాడే అని మెచ్చుకుంది. మేం సరిదిద్దలేదు, వచ్చిన మార్కులు ఎవరు వదులుకుంటారు? తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. మాటలు ఎన్ని వచ్చు? రెండేళ్లకు యాభై మాటల దాకా రావాలి, రెండేసి కలిపి చెప్పడం మొదలుపెట్టాలి అంది. మా ఇద్దరికీ నోట మాట రాలేదు.

ఆ రాత్రి కరెంటు బిల్లు వెనక రాసుకుంటూ లెక్క పెట్టాం. తెలుగువి 29 తేలాయి. ఇంగ్లిష్‌వి 12. ‘బౌ బౌ’ మాటేనా అని ఒక అరగంట వాదన. ‘హుష్‌కాకి’ ఒకటా, రెండా? రెండని మా ఆవిడ పట్టు. రెండు మాటలు కలిపి వాక్యం చేసినట్టే కదా అని ఆమె ఆశ. ఎంత సాగదీసినా లెక్క యాభైకి చేరలేదు. తెలిసినవాళ్లలో ఒకరు, ఇంట్లో తెలుగు ఆపేయండి, రెండు భాషలతో పిల్లాడు తికమక పడుతున్నాడు అని సలహా ఇచ్చారు. ఆ మాట మా ఆవిడను పట్టేసింది. అర్ధరాత్రి దాటాక కూడా ఫోనులో అదే చదువుతూ కూర్చునేది. రెండు రోజులు ఇంట్లో ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకున్నాం కూడా. మూడో రోజు వాడు కిందపడి ఏడుస్తూ వస్తే, ఆమె నోటి వెంట ‘‘అయ్యో నా బంగారుకొండ, ఎక్కడ తగిలిందిరా’’ అనే వచ్చింది. దానికి ఇంగ్లిష్ ఎక్కడ వెతుక్కోవాలి?

నర్సును మళ్లీ అడిగితే ఆమె తేల్చిచెప్పింది. రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టాలి. కుక్కకు ఎప్పుడూ బౌ బౌ అనే అంటే అదీ మాటే. మీకు చక్కగా వచ్చిన భాషలోనే పిల్లాడితో మాట్లాడండి, రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావు అంది. వినికిడి పరీక్ష కూడా చేయించాం. చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. వంటింట్లో బిస్కెట్టు ప్యాకెట్టు చప్పుడుకు మేడ మీదనుంచి దిగివచ్చేవాడి చెవుల మీద నాకు మొదటినుంచీ అనుమానం లేదు.

ఫిబ్రవరిలో అత్తయ్యగారు వచ్చారు. విజిటర్ వీసా, గట్టిగా 90 రోజులు. ఆవిడకు ఈ లెక్కలేవీ మేం చెప్పలేదు. చెప్పే అవసరం కూడా రాలేదు, ఎందుకంటే ఆవిడ నోరు మూసిన క్షణం లేదు. కూర తరుగుతూ వంకాయతో మాట్లాడతారు, వాషింగ్ మెషీన్‌ను తిడతారు, వానను పలకరిస్తారు. వాడు పక్కనే బుట్టలో బంగాళాదుంపలు ఎంచుతూ వినేవాడు. ‘‘అల్లుడుగారూ, మీ అబ్బాయి నన్ను అడ్డాలు పెడుతున్నాడండీ’’ అని ఓ రోజు ఆఫీసు మీటింగు మధ్యలో వచ్చి చెప్పారు. ఏమన్నాడంటే, ‘‘అమ్మమ్మా, చెప్పులు వద్దు, బూట్లు’’ అన్నాడట. నాలుగు మాటలు! మీటింగులో అవతల ఉన్నవాళ్లకు నేనెందుకు లేచి నిలబడ్డానో అర్థం కాలేదు.

మే నెల వచ్చేసరికి వాడు వాక్యాలు మాట్లాడుతున్నాడు. ఇది అత్తయ్యగారి మహిమా, ఆ వయసులో మాటలు ఎలాగూ పోటెత్తుతాయా అంటే చెప్పలేను. మా ఆవిడకు మాత్రం సందేహం లేదు, వాళ్లమ్మ మహిమే.

తొంభయ్యో రోజు ఎవరి కోసమూ ఆగదు కదా. విమానాశ్రయం మాకు ఎం50 మీద కొద్ది నిమిషాల దారి. అంత దగ్గరగా ఉండటం ఆ రోజు అస్సలు నచ్చలేదు. అప్పటినుంచి ఆకాశంలో ఏ విమానం కనపడినా ‘‘అమ్మమ్మ’’ అంటాడు. డబ్లిన్ ఆకాశంలో విమానాలకు కొదవా? రోజుకు పాతికమంది అమ్మమ్మలు వెళుతుంటారు.

ఇప్పుడు కొత్త బెంగ మొదలైంది. నెల తిరక్కముందే ఇంగ్లిష్ తోసుకొస్తోంది. లైబ్రరీ నుంచి బొమ్మల పుస్తకం తెచ్చి నేను తెలుగులో కథ చెబుతాను. ‘‘అప్పుడు ఎలుగుబంటి వచ్చిందట’’ అంటే వాడు పేజీ మీద వేలు పెట్టి ‘‘కాదు, బేర్’’ అంటాడు. బోల్డ్‌గానే అంటాడు. సెప్టెంబరులో ప్రభుత్వ ఉచిత ప్రీస్కూలు మొదలు. ఆగస్టు 31 నాటికి రెండేళ్ల ఎనిమిది నెలలు నిండాలని నియమం. మావాడు డిసెంబరు చివర్లో పుట్టాడు కాబట్టి అంచు మీద పట్టుకున్నాం. ఇంకో వారం ఆలస్యంగా పుట్టి ఉంటే ఏడాది ఆగాల్సిందే. రోజుకు మూడు గంటలు, ఏడాదికి 38 వారాలు, పైసా ఫీజు లేదు. జేబుకు ఊరట. ఎలుగుబంటికే గడ్డురోజులు.

అందుకే ఇంట్లో ఒక పద్ధతి పెట్టాం. రోజూ పొద్దున ఎనిమిదింటికి, అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర, అత్తయ్యగారికి వీడియో కాల్. ఆవిడ భోజనాల హడావుడిలో ఫోనును పోపుల డబ్బాకు ఆనించి పనులు చేసుకుంటూ మాట్లాడతారు. వీడు ఇక్కడ టోస్టు నములుతూ వింటాడు. మేం మధ్యలో దూరం.

మొన్న ఆవిడ, ‘‘నిన్ను చూడాలనుందిరా కన్నా, ఎట్టా వచ్చేది నేను?’’ అన్నారు. వాడు టోస్టు పక్కన పెట్టి కాసేపు ఆలోచించాడు. తర్వాత చాలా ఓపిగ్గా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు.

‘‘బస్సెక్కు అమ్మమ్మా. పైన కూర్చో. దిగినాక థాంక్యూ మావయ్యా అని చెప్పు.’’