మగారిబా మొహల్లా: ఒక్క రాత్రిలో కనుమరుగైన వీధి

బైతుల్ మఖ్దిస్‌లోని మస్జిదె అఖ్సా ప్రాంగణానికి పడమటి దిక్కున ఒక ద్వారం ఉంది. దాని పేరు బాబుల్ మగారిబా. మొరాకో, అల్జీరియా, ట్యునీషియా ప్రాంతాలవారిని అరబ్బులు మగారిబా అంటారు. ఆ ద్వారం ముందు నేడు విశాలమైన రాతి మైదానం కనిపిస్తుంది. 1967 జూన్ వరకు అక్కడ ఏడు శతాబ్దాలకు పైబడిన ఒక మొహల్లా ఉండేది.

1187లో సలాహుద్దీన్ అయ్యూబీ నగరాన్ని జయించారు. ఆయన కుమారుడు అల్ మలిక్ అల్ అఫ్దల్ 1193 ప్రాంతంలో ఈ స్థలాన్ని మగ్రిబ్ వాసుల కొరకు వక్ఫ్ చేశారు. మాలికీ ఫిఖ్హ్ బోధనకు అఫ్దలియ్యా మద్రసాను కూడా నెలకొల్పారు. హజ్ ముగించుకొని అఖ్సాలో నమాజు చేయాలని వచ్చిన మగ్రిబీలు కొందరు ఇక్కడే ఉండిపోయేవారు. వారిలో విద్యార్థులు, వృద్ధులు, నిరుపేదలు ఉండేవారు. 1320లో అబూ మద్‌యన్ వంశీకుడొకరు ఐన్ కారిమ్ గ్రామ భూములను వీరి పోషణకు వక్ఫ్ చేశారు. కొత్తగా వచ్చిన బాటసారికి బస, పేదవానికి రొట్టె ఆ ఆదాయం నుండే లభించేవి. వక్ఫ్ ఆస్తిని అమ్మరాదు, దానమివ్వరాదు, వారసులు పంచుకోరాదు. కాబట్టే పాలకులు మారినా, రాజ్యాలు మారినా ఆ ఇళ్లు పేదల ఇళ్లుగానే మిగిలాయి. 1948 యుద్ధంలో ఐన్ కారిమ్ చేజారడంతో ఆ ఆదాయానికి గండి పడింది. మొహల్లాకు తగిలిన మొదటి దెబ్బ బహుశా అదేననాలి.

పాత ఛాయాచిత్రాలలో పొట్టి ఇళ్లు, చిన్న వాకిళ్లు, ఇద్దరు ముగ్గురు పక్కపక్కన నడవగల సందులు కనిపిస్తాయి. మన పాత పట్టణాలలో పెద్ద మస్జిదుల చుట్టూ అల్లుకున్న పేటలను చూసినవారికి ఆ దృశ్యం కొత్తగా తోచదు. మొహల్లా తూర్పు అంచున బురాఖ్ గోడ ఉంది. మేరాజ్ రాత్రి దైవప్రవక్త (స) తమ వాహనాన్ని అక్కడ కట్టారని ముస్లిముల విశ్వాసం. యూదులకు అది తమ ప్రాచీన ఆలయపు గోడ. వారు ఆ గోడ ముందున్న సన్నని సందులో నిలిచి ప్రార్థించేవారు. ఆ సందు వెడల్పు నాలుగు మీటర్లకు మించదు. 1929లో ఈ స్థలం విషయమై ఘోరమైన అల్లర్లు చెలరేగి ఇరువైపులా ఎందరో ప్రాణాలు కోల్పోయారు. గోడ, దాని ముందరి సందు, ఎదుటి మొహల్లా ముస్లిముల వక్ఫ్ అని, యూదులకు అక్కడ ఆరాధన జరుపుకొనే హక్కు ఉందని 1930లో అంతర్జాతీయ విచారణ సంఘం తేల్చింది. ఇరుపక్షాల గౌరవం నిలిపే ఆ తీర్పు ఎన్నాళ్లో నిలువలేదు.

ఆ మరుసటి నెలే, 1931 జనవరిలో, ఈ మొహల్లాకు కొద్ది దూరంలో, అఖ్సా పడమటి అంచున మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్‌ను ఖననం చేశారు. 1923లో మన కాకినాడలో జరిగిన కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించిన ఆయనే.

1967 యుద్ధంలో ఇజ్రాయెల్ నగరాన్ని ఆక్రమించింది. జూన్ 10 రాత్రి మొహల్లా వాసులకు స్వల్ప గడువిచ్చి ఇళ్లు ఖాళీ చేయమన్నారు. అంత తక్కువ సమయంలో ఎవరు ఏమి మోసుకుపోగలరు? బుల్డోజర్లు సుమారు 135 ఇళ్లను, వాటితోపాటు మస్జిదును, మద్రసాను నేలమట్టం చేశాయి. దాదాపు 650 మంది నిరాశ్రయులయ్యారు. బయటికి రాలేకపోయిన ఒక వృద్ధురాలు శిథిలాల మధ్య మరణించింది. కొద్ది రోజులలోనే యూదుల పండుగ ఉంది. దానికి వచ్చే జనసందోహం కొరకు స్థలం సిద్ధమైంది. అంచున మిగిలిన కొన్ని కట్టడాలను 1969లో కూల్చారు. యాసిర్ అరఫాత్ బాల్యంలో కొంతకాలం ఉన్న మేనమామ ఇల్లు ఆ మొహల్లాలోనిదే.

నిరాశ్రయులలో కొందరు నగరంలోని బంధువుల ఇళ్లకు, కొందరు షుఆఫాత్ శిబిరానికి, మరికొందరు తాతముత్తాతల మొరాకోకు చేరారు. వారి జ్ఞాపకాలు పిల్లలకు, మనుమలకు సంక్రమించాయి. వాటికి తోడు కాగితాలూ ఉన్నాయి. 1496 ప్రాంతంలో నగర చరిత్ర వ్రాసిన ఖాజీ ముజీరుద్దీన్ అఫ్దల్ వక్ఫును ప్రస్తావించారు. ఫ్రెంచి చరిత్రకారుడు వాన్సాన్ లెమీర్ అనేక దేశాల దస్తావేజులను గాలించి 2022లో ఈ మొహల్లాపై ఒక గ్రంథం వెలువరించారు.

బాబుల్ మగారిబా తాళంచెవులు 1967 నుండి ఇజ్రాయెల్ అధికారుల చేతిలోనే ఉన్నాయి. అన్యమత సందర్శకులు నేడు ఆ ద్వారం గుండానే లోనికి వస్తారు. దాని పేరును మాత్రం అరబ్బులు నేటికీ మార్చలేదు.