లెక్కల మాస్టారి నల్లకోటు

భూమి ఉంది, చట్టమూ ఉంది. మరి వాదించేదెవరు? జూలూరుపాడు నుంచి భద్రాచలం దాకా పరుచుకున్న అడవి పల్లెల్లో గిరిజన రైతుకు ఎదురయ్యే ప్రశ్న ఇదే. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకూడదంటుంది 1970 నాటి ‘1/70’ చట్టం. కానీ చట్టం తనంతట తాను కోర్టు మెట్లెక్కదుగా!

గిరిజనుల తరఫున ఆ మెట్లెక్కిన న్యాయవాదుల్లో కె.బాలగోపాల్ ఒకరు. 1952లో పుట్టిన ఆయన గణితంలో డాక్టరేట్ చేసి, కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 1985లో ఆ కొలువు వదిలేసి పౌరహక్కుల ఉద్యమానికే అంకితమయ్యారు. నల్లకోటు వేసుకునేసరికి వయసు నలభై దాటింది. హైకోర్టులో ఆదివాసుల భూముల కేసులు వాదించారు. 2009 అక్టోబరు 8న, 57 ఏళ్లకే కన్నుమూశారు.

చట్టం ఇప్పటికీ ఉంది. ఆ నల్లకోటు తొడిగేవాళ్లే కావాలి!